ఆ 28 రోజులు అకౌంట్ ముట్టుకోకు

తమ్ముడూ, స్కిల్డ్ వర్కర్ వీసా మీద భార్యా ఇద్దరు పిల్లలతో యూకే వస్తున్నాను, ఏయే కాగితాలు పెట్టాలి అని అడిగావు. కాగితాల లిస్టు, టీబీ టెస్టు వివరాలు అన్నీ గవర్నమెంట్ సైట్‌లో ఉన్నాయి, చదువుకో. నువ్వు డబ్బు సంగతి అడగలేదు. కొత్తగా వచ్చేవాళ్లెవరూ అడగరు. నేనూ అడగలేదు.

2015 ఫిబ్రవరిలో నేనొక్కణ్ణే వచ్చాను. మా ఆవిడకీ పాపకీ డిపెండెంట్ వీసా పెట్టాలంటే అప్పట్లో మనిషికి 630 పౌండ్ల చొప్పున 1,260 పౌండ్లు 90 రోజులు నా అకౌంట్లో ఉండాలి. కూడబెట్టాను. జూన్‌లో నాన్న ఫోన్ చేశారు, విత్తనాలకీ ఎరువులకీ డబ్బు సర్దమని. కాదనలేక 400 పంపాను. బ్యాలెన్స్ తగ్గింది, నాలుగు రోజుల్లో జీతం పడింది, మళ్లీ పెరిగింది. ఇక సరిపోయింది అనుకున్నాను.

రిజెక్ట్ అయింది. ఆ నాలుగు రోజులకే. హెల్త్ సర్‌ఛార్జి, అంటే ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి వీసాతోపాటే ముందుగా కట్టే డబ్బు, వెనక్కి వచ్చింది కానీ వీసా ఫీజు పోయింది. వాళ్లు వస్తారని ముందే రెడింగ్‌లో రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకున్నాను. ఖాళీ గదికి నెలనెలా అద్దె కట్టాను. మళ్లీ మొదటి నుంచి 90 రోజులు లెక్కపెట్టుకుని పెడితే 2016 జనవరిలో దిగారు. ఆ రిజెక్షన్ గురించి తర్వాత ప్రతి ఫారంలోనూ రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు 90 కాదు, 28 రోజులే. నీకు 1,270, భార్యకి 285, పెద్ద బిడ్డకి 315, రెండో బిడ్డకి 200, మొత్తం 2,070 పౌండ్లు. ఒక్కరోజు కూడా అంతకంటే కిందకి దిగకూడదు. ఎవరి దగ్గరైనా చేబదులు తెచ్చి వేసినా 28 రోజులు కదలకుండా ఉండాల్సిందే. మీ కంపెనీ నీకిచ్చే సీఓఎస్‌లో (సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్) మెయింటెనెన్స్, అంటే మొదట్లో బతకడానికయ్యే ఖర్చు, తామే చూసుకుంటామని రాస్తే నీకు ఈ తిప్పలుండవు. కుటుంబానికి కూడా రాశారో లేదో చూసుకో.

అసలు దెబ్బ సర్‌ఛార్జి. మేం వచ్చిన ఏడాది మనిషికి సంవత్సరానికి 200 ఉండేది, 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకి 1,035, పిల్లలకి 776 అయింది. మూడేళ్ల వీసాకి మీ నలుగురికీ 10,866 పౌండ్లు, అదీ అప్లికేషన్ రోజునే, ఒక్కసారిగా. వాయిదాలు ఉండవు. కంపెనీ కడుతుందో లేదో ఆఫర్ మీద సంతకం పెట్టకముందే అడిగి ఉండాల్సింది. ఇప్పటికైనా అడుగు, మొహమాటపడకు. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లకి మాత్రం ఇది లేదు.

ఇంకొకటి. పీఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఐదేళ్లు అంటారు కానీ భార్య లెక్క ఆమెదే. నాకు 2020లో వచ్చింది. మా ఆవిడకీ పాపకీ ఐదేళ్లు నిండలేదు కాబట్టి మళ్లీ ఎక్స్‌టెన్షన్, దాని మీద ఏడాదికి 400 చొప్పున సర్‌ఛార్జి. 2021లో ఒక్కొక్కరికి 2,389 కట్టి వాళ్లకీ పీఆర్ తీసుకున్నాం. ఎవరినీ అప్పు అడగకుండా కట్టాను, ఆ తృప్తి ఇప్పటికీ ఉంది. వేర్వేరుగా వస్తే ఇలా లెక్కలు వేరవుతాయి, అందుకే నలుగురూ కలిసి పెట్టి కలిసి దిగండి. 2025 ఏప్రిల్‌లో ఆ పీఆర్ ఫీజు మనిషికి 3,029 అయింది, పిల్లలకీ అంతే. ఆ లెక్కన నలుగురికి 12,116. మొదటి జీతం నుంచే నెలకి 200 వేరే అకౌంట్లో వేస్తూ పో. ఐదేళ్లను పదేళ్లు చేయాలని 2025 మేలో ప్రతిపాదన పెట్టారు, అది ఎంతవరకు వచ్చిందో చూస్తూ ఉండు.

పీఆర్‌కి ముందు రాయాల్సిన లైఫ్ ఇన్ ద యూకే పరీక్షకి టెన్షన్ పడకు, 24 ప్రశ్నల్లో 18 వస్తే చాలు, మా ఆవిడ మొదటిసారే పాసైంది. రేపు పొద్దున్నే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి సీఓఎస్‌లో ఆ మాట ఉందో లేదో కనుక్కో. లేకపోతే రేపే 2,070 పౌండ్లకి సరిపడా కొంచెం ఎక్కువే వేసి, ఆ కార్డు మీ ఆవిడ చేతికివ్వు.