కిలోల కంటే ముందు కండ చూసుకో

బంగారూ,

పెళ్లికి మూడు నెలలే ఉందని పన్నెండు కిలోలు తగ్గాలనుకున్నావట. పొద్దున కీరదోస జ్యూసు, రాత్రి ఓ ఆపిల్‌తో సరిపెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నలభై ఎనిమిదో ఏట నేనూ ఇదే చేశాను. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. అందరూ బాగా సన్నబడ్డావన్నారు. కానీ పీట మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని. నీళ్ల బిందె ఎత్తితే చేతులు వణికేవి. తిండి బాగా తగ్గించేసి ఒంటికి పని చెప్పకపోతే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. మళ్లీ మామూలుగా తినగానే బరువు తిరిగొచ్చింది, బలం మాత్రం రాలేదు. దాన్ని తెచ్చుకోవడానికి నాకు ఏడాదికి పైనే పట్టింది.

వారానికి అరకిలో చాలమ్మా. మూడు నెలలకు ఆరు కిలోలు. పెళ్లికూతురు నీరసంగా ఉండటం కంటే అదే నయం.

అన్నం మానెయ్యకు, సగానికి తగ్గించు. ఆ ఖాళీలో కూరలు, గట్టి పప్పు పెట్టుకో. చక్కెర, నూనెలో వేయించినవి పక్కన పెట్టు. మాంసకృత్తుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నీ బరువు డెబ్భై కిలోలు కదా, కిలోకు 1.2 గ్రాముల లెక్కన రోజుకు 84 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటాయి. పొద్దున రెండు పెసరట్లు, రెండు గుడ్లు. మధ్యాహ్నం పప్పు, కప్పు పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన శనగలు. రాత్రి రొట్టెతో చికెన్ గానీ మీల్ మేకర్ గానీ తింటే దాదాపు ఆ లెక్కకు వస్తావు. పొడుల డబ్బాలు కొనక్కర్లేదు. కిడ్నీ సమస్య ఉన్నా, షుగర్ మందులు వాడుతున్నా ఇవన్నీ డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి. నీకు అలాంటివేమైనా ఉంటే నా దగ్గర దాచకు.

నడక మంచిదే, రోజూ అరగంట నడువు. అయితే కండ నిలవాలంటే బరువు మొయ్యాలి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చెయ్యి. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, గోడకు చేతులానించి తోయడం, నీళ్ల సీసాలు వేసిన సంచిని నడుము దాకా లాగడం. ఒక్కోటి పది సార్లు, కాసేపు ఆగి మళ్లీ పది, ఇంకోసారి పది. చివరి రెండు సార్లూ కష్టంగా అనిపించాలి. తేలికైపోతే సంచిలో ఇంకో సీసా వెయ్యి. కీలు నొప్పి పెడితే మాత్రం ఆపెయ్యాలి.

రాత్రి ఏడు గంటలైనా పడుకో. కళ్లు తిరిగినా, నెలసరి తప్పినా, జుట్టు బాగా ఊడుతున్నా పెళ్లి దాకా చూద్దామనుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు.

బరువు వారానికి ఒక్కసారి, పరగడుపున చూసుకో. నడుము కొలత కూడా రాసిపెట్టుకో. ఆదివారం ఫోన్ చెయ్యి. ముందు కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచావో చెప్పు, కిలోల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మీ అత్త