ట్రీట్, క్యూర్ రెండూ ఒకటి కాదు అమ్మలూ

అమ్మలూ,

పలాసలో డ్యూటీలో చేరావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, చాలా సంతోషం. కేస్‌షీట్లో ట్రీట్ అని రాయాలా క్యూర్ అని రాయాలా, తేడా ఏటి అత్తా అని అడిగావు కదా. ట్రీట్ అంటే వైద్యం చేస్తన్నాం అని, అంతే, తగ్గిందా లేదా అన్నది ఆ మాటలో లేదు. క్యూర్ అంటే రోగం పోయింది అని. వారం రోజులు ట్రీట్ చేశాం గాని తగ్గలేదు అనొచ్చు, క్యూర్ చేశాం గాని తగ్గలేదు అంటే అర్థమే లేదు.

నువ్వున్న చోట ఈ తేడా మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఉద్దానం ఊళ్ళన్నిట్నుంచీ కిడ్నీ పేషెంట్లు వస్తారు, వారానికి రెండు మూడు సార్లు నాలుగేసి గంటలు డయాలసిస్ మిషన్ మీద ఉంటారు, పక్కన కూర్చున్న ఇంటిమనిషి "ట్రీట్‌మెంట్ ఇస్తన్నారు కదా సిస్టరమ్మా, ఎప్పటికి బాగైపోద్ది" అని అడుగుతాది. డయాలసిస్ ట్రీట్‌మెంటే, క్యూర్ కాదు. కిడ్నీ చెయ్యాల్సిన పని కొంత మిషన్ చేస్తాది గాని పాడైన కిడ్నీని బాగుచెయ్యదు. కిడ్నీ మార్పిడి చేసినా డాక్టర్లు దాన్ని ట్రీట్‌మెంట్ అనే అంటారు, ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్ళూ మందులు మింగాల్సిందే కదా మరి. డాక్టరుగారు వాళ్ళకి ఏం చెప్పారో ముందు కనుక్కో, తర్వాత నువ్వూ అదే మెత్తగా చెప్పు, క్యూర్ అయిపోద్ది అని మాత్రం నోరు జారకు, ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్న కాస్త జీడితోట అమ్ముకునేవాళ్ళు ఉంటారు.

షుగర్, బీపీ అదుపులోకి వస్తే క్యూర్ అయింది అని కాదు, కంట్రోల్‌లో ఉంది అని రాయి.

టీబీ రికార్డు దగ్గర ఇంకా జాగ్రత్త. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. మందులన్నీ వాడేసి, చివర్లో కళ్ళె పరీక్షలో క్రిమి లేదని రిపోర్టు ఉంటేనే క్యూర్డ్ అని రాస్తారు. కోర్సు పూర్తయింది, మనిషి బానే ఉన్నాడు, ఆ రిపోర్టు మాత్రం లేదు, అప్పుడు ట్రీట్‌మెంట్ కంప్లీటెడ్ అనే రాయాల. చూడ్డానికి బాగున్నాడు కదా అని క్యూర్డ్ గడిలో టిక్ పెట్టీకు.

వాక్యంలో అయితే ట్రీటెడ్ ఫర్ మలేరియా, క్యూర్డ్ ఆఫ్ మలేరియా. ఏ మందుతో అన్నదానికి విత్. పుండు, ఆపరేషన్ కోత, విరిగిన ఎముక, వీటికి హీల్.

నాలుగు వాక్యాలు సొంతంగా రాసి పంపు, పేషెంట్ల పేర్లు రాయకు, చూసి దిద్దుతాను.

మీ అత్త