సిస్టర్లు బాగానే పలకరిస్తున్నారు, అమ్మేమో పట్టించుకోవట్లేదంటోంది!

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మకు 74 ఏళ్లు. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగితే విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. నాలుగు రోజులైంది. సిస్టర్లు ‘మామ్మగారూ’ అంటూ నవ్వుతూ మాట్లాడతారు. అమ్మ మాత్రం ‘నన్నెవరూ పట్టించుకోవట్లేదు, ఇంటికి తీసుకెళ్లిపో’ అంటోంది. సాయంత్రమైతే మంచినీళ్లు కూడా వద్దంటోంది. ఎవరి మాట నమ్మాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: ఇద్దరి మాటా నమ్మండమ్మా. ఆ సిస్టర్ల ప్రేమ నిజం, మీ అమ్మగారి బాధా నిజమే. 1980లలో అమెరికాలో ప్యాట్రీషియా లార్సన్ అనే నర్సింగ్ పరిశోధకురాలు నర్సులు చేసే 50 పనుల జాబితా రాసి, వీటిలో ఏది ముఖ్యమో చెప్పమని క్యాన్సర్ రోగుల్నీ నర్సుల్నీ అడిగారు. చెప్పేది ఓపిగ్గా వినడం, ఓదార్చడం గొప్పవని నర్సులు అన్నారు. ఇంజెక్షన్, సెలైన్ సరిగ్గా పెట్టడం, డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలో తెలిసుండటం ముఖ్యమని రోగులు అన్నారు. మన వార్డుల్లో పెద్దవాళ్ల దగ్గరా నేను ఇదే చూస్తున్నాను. కదల్లేని మనిషికి ముందు కావలసింది, బెల్ కొడితే ఎవరైనా రావడం. మాటల తీపి ఆ తర్వాతే.

మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది ఆ మంచినీళ్ల సంగతి. రౌండ్స్‌కి వెళ్లినప్పుడు కొందరి మంచం పక్కన సీసాలో నీళ్లు పొద్దున ఎంత ఉన్నాయో సాయంత్రానికీ అంతే ఉంటాయి. అడిగితే ‘దాహం లేదు బాబూ’ అంటారు. అసలు కారణం బెడ్‌పాన్. రాత్రి అడగాలంటే సిగ్గు, ఎవరూ రాకపోతే పక్క తడుస్తుందేమోనని భయం. దాంతో నోరు కట్టేసుకుంటారు. నీళ్లు తగ్గితే మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మగత, మతి తడబాటు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకని సాయంత్రం డ్యూటీ మారేటప్పుడు కొత్త సిస్టర్ దగ్గరికి మీరే వెళ్లి, ‘అమ్మ నోరు తెరిచి అడగదు, పడుకునే ముందొకసారి, నడిరాత్రి ఒకసారి బెడ్‌పాన్ పెట్టండి’ అని చెప్పండి. ‘బాగా చూసుకోండమ్మా’ అంటే వాళ్లు సరేనంటారు, కానీ ఏం చేయాలో తెలియదు. ఇలా ఫలానా పని అని చెబితే చేస్తారు. రాత్రిపూట ఒక్క సిస్టర్ ఎన్ని మంచాలు చూసుకోవాలో మీరూ గమనించే ఉంటారు. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం నీళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగండి.

నొప్పి దగ్గరా ఇంతే. ‘పర్లేదమ్మా’ అనడం పెద్దవాళ్లకు అలవాటు. పర్లేదంటూనే దుప్పటి గుప్పిట పట్టుకుని ఉంటే నొప్పి ఉన్నట్టే. ఫిజియోథెరపిస్ట్ వచ్చేలోగా నొప్పి మాత్ర పనిచేసేలా ఇవ్వమని సిస్టర్‌ని అడగండి. తుంటి ఆపరేషన్ అయ్యాక లేపి నిలబెట్టడం, నడిపించడం ఎంత ఆలస్యమైతే అంత నష్టం. నొప్పికి భయపడి ‘రేపు’ అంటే ఆ రేపులోనే నడుము కింద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము మొదలవుతాయి.

కళ్లజోడు, కట్టుడు పళ్లు, వినికిడి మిషన్ ఉంటే ఇంటి నుంచి తెచ్చిపెట్టండి. సిస్టర్ చెప్పింది వినపడకే ‘నాతో ఎవరూ మాట్లాడరు’ అనేవాళ్లున్నారు. సెలైన్ మీరు తిప్పకండి. సూది పెట్టిన చోట ఎర్రబడినా, వాచినా వెంటనే చూపించండి.

అమ్మగారు ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, రాత్రి లేచి సూది పీకేసుకున్నా, పగలంతా మత్తుగా పడుకున్నా వయసు ప్రభావమని సరిపెట్టుకోకండి. అది డెలీరియం, అంటే జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే మతి తడబాటు, కావచ్చు. జ్వరం, పిక్కలో వాపు, ఆయాసం కనిపించినా అంతే. తెల్లారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలిపించండి.
- వృద్ధుల వైద్య నిపుణులు, విజయవాడ