లడ్డూ సరే, ఆయన మెడ చూశావా?

ప్రశ్న: అక్కా నమస్తే. నేను కృష్ణానగర్‌లో ఉంటా, రెండేళ్ళ నుంచి ఆడిషన్ల చుట్టూ తిరుగుతున్నా, ఇప్పటికి మూడు షార్ట్ ఫిల్ములు చేశా అంతే. మొన్నాదివారం రూమ్మేట్ రానంటే ఒక్కడినే యూసఫ్‌గూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి రవీంద్రభారతికి వెళ్ళా, సురభి వాళ్ళ మాయాబజార్. నాటకమంటే నాకు మా ఊళ్ళో తిరనాళ్ళకి తెల్లార్లూ ఆడేవే తెలుసు, అవీ సగం అమ్మ ఒళ్ళో నిద్రపోతూ చూసినవే. ఇక్కడేమో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వచ్చి పడుతున్నాయ్, బాణాలు గాల్లో గుద్దుకుని నిప్పులు రాలుతున్నాయ్, నేను నోరు తెరుచుకుని కూర్చుండిపోయా. వెనకెవరో బుడ్డోడు "నాకో లడ్డూ" అని అరిచాడు, హాలంతా నవ్వే నవ్వు. తీరా రూముకొచ్చి నా సీన్లన్నీ అతికించుకున్న రీల్ పెట్టుకుని చూస్తే అంతా ఉప్పు లేని పప్పులా ఉంది. సరేలే అని రెండ్రోజుల తర్వాత ఒక ఆడిషన్లో కాస్త గట్టిగా చేశా, "బ్రదర్ ఇది డ్రామా కాదు, తగ్గించు" అన్నారు. అసలు నాటకాలు చూడటం మాలాంటోళ్ళకి పనికొస్తుందా, ఉన్నది కూడా చెడగొడుతుందా? ఇంకో డౌటు, నాటకం అయిపోయాక లోపలికెళ్ళి వాళ్ళతో మాట్లాడొచ్చా?
- కాబోయే నటుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ "తగ్గించు" అన్నాయన మీద కోపం పెట్టుకోకు, కరెక్టుగానే చెప్పాడు. నువ్వు నాటకం నుంచి తెచ్చుకోవాల్సింది అక్కడే వదిలేసి గొంతొక్కటి పట్టుకొచ్చావ్. ఆ గొంతు చివరి వరసలో ఉన్న ముసలాయనకి కూడా పద్యం చేరాలని కొలుచుకున్న గొంతు, కెమెరా నీ ముక్కు ముందే ఉంటే దాంతో ఏం పని.

నువ్వు లడ్డూ చూశావ్. నేనూ మొదటిసారి అంతే, దారం ఎక్కడుందా అని వెతుక్కోవడంతోనే సరిపోయింది. రెండోసారి పంతం పట్టి లడ్డూ వైపు చూడకుండా ఘటోత్కచుడి వేషం వేసినాయన మెడా కళ్ళే చూశా. చాటునుండి దారం లాగే మనిషి ఒకడు, ఇక్కడ నోరు తెరిచే మనిషి ఒకడు, అరక్షణం అటూఇటూ అయితే ట్రిక్కు తుస్సుమంటుంది, అయినా ఆ ముఖంలో లెక్క కనపడదు, ఆకలే కనపడుతుంది. నీ పనీ అదేగా? నేల మీద టేపు అంటించిన చోటే ఆగాలి, లైటు పడే వైపే తల తిప్పాలి, చెయ్యి కిందటి టేకులో ఎక్కడుందో అక్కడే ఉండాలి, ఇవన్నీ చేస్తూ నీ ముఖంలో మాత్రం పోయిన ఉద్యోగమో పోయిన పిల్లో ఉండాలి. తెచ్చుకుంటే అది తెచ్చుకో.

ఆ బుడ్డోడు అరిచినప్పుడు స్టేజి మీదున్నోళ్ళు ఏం చేశారో గుర్తుందా? గుర్తులేదంటే నువ్వూ నవ్వుతూ ఉన్నావన్నమాట. నవ్వు మీద డైలాగు వేస్తే ఆ డైలాగు చచ్చినట్టే, అందుకని పాత్ర లోంచి బయటికి రాకుండా నవ్వు దిగేదాకా ఆగి అప్పుడు అందుకుంటారు. మాట లేనప్పుడు ఏం చెయ్యాలో తెలియకే మన షార్ట్ ఫిల్ముల్లో కుర్రాళ్ళు జుట్టు సర్దుకుంటూ ఉంటారు (నీ రీల్ చూడలేదులే, ఊరికే అంటున్నా).

ఇక చప్పదనం గురించి. వాళ్ళతో పోల్చుకుని దిగులు పడితే ఎట్లా? 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించడంతో మొదలైన సంగతి అది, ఊరి పేరే వాళ్ళ పేరైంది. అప్పట్నుంచి కుటుంబాలు కుటుంబాలే నాటకం, ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే కాలంలోనే వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు స్టేజి ఎక్కారు, పిల్లలు సరిగ్గా నడక రాకముందే కృష్ణుడి వేషం కడతారు, ఇవాళ వేషం వేసినాయన రేపు తెర లాగుతాడు. నీది రెండేళ్ళు. అందులో సగం ఆడిషన్ క్యూల్లోనే పోయుంటుంది.

పనికొస్తుందా అంటే, కోట శ్రీనివాసరావు గారు బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడి 1978లో ప్రాణం ఖరీదుతో సినిమాకొచ్చారు. ఆయన పెద్దగా అరిచిన సీన్లు కాదు, గొణిగిన సీన్లు ఒక నాలుగు పెట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది.

కాకపోతే పౌరాణికం ఒక్కటే చూసి ఆగకు. పరిషత్తుల్లో, అంటే నాటిక పోటీల్లో, ఆడే సాంఘిక నాటికలు కూడా చూడు, మనం ఇంట్లో మాట్లాడుకునే మాటే ఉంటుంది, నీ పనికి అవే దగ్గర. కుదిరితే ఏదైనా నాటక సమాజంలో చేరు, వెళ్ళగానే వేషం అడక్కుండా కుర్చీలు మోస్తానను, చాటునుండి డైలాగులు అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్తానను, రిహార్సల్స్ ఫ్రీగా చూడొచ్చు.

లోపలికి శుభ్రంగా వెళ్ళొచ్చు. తెర పడగానే దూరకు, కిరీటాలూ నగలూ విప్పుకుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటారు, ఆ పది నిమిషాలు ఆగు. సెల్ఫీ అడిగే ముందు లడ్డూ లాగినాయన ఎవరో అడుగు, ఆయన్ని ఎవరూ అడగరు.