అమెరికా హోటల్లో ఇరవై శాతం టిప్పు నిజంగా ఇవ్వాలా?

మీరు అడిగింది ఇది: డల్లాస్‌లో అమ్మాయి దగ్గరకు వెళ్తున్నారు, అక్కడ బిల్లు మీద ఇరవై శాతం దాకా టిప్పు ఇవ్వాలని అల్లుడుగారు చెప్పారు, విజయవాడ బెంజి సర్కిల్‌లో ఎంత పెద్ద హోటల్లో తిన్నా యాభై రూపాయలు దాటని మీకు అది దోపిడీలా ఉంది.

అల్లుడుగారు చెప్పింది నిజమే. ఇవ్వండి. గుంటూరు అరండల్‌పేటలో మాకు చాలా కాలం భోజన హోటల్ ఉండేది. మా అబ్బాయి ఉండేది కూడా డల్లాస్‌లోనే. అందుకే రెండు చోట్లా దగ్గరగా చూసి చెబుతున్నాను.

మన దగ్గర సర్వరుకు జీతం యజమాని ఇస్తాడు. చాలా చోట్ల భోజనం, పడుకోవడానికి చోటు కూడా అతనిదే. టిప్పు ఆ పైన వచ్చేది. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. టిప్పులు అందుకునే వాళ్లకు మాత్రం యజమాని 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది టిప్పులతో నిండాలి. నిండకపోతే యజమానే కలిపి ఇవ్వాలని చట్టంలో ఉంది. డల్లాస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో నడిచేది ఈ లెక్కే. ఆ 2.13 అనే అంకె 1991 నుంచి కదలలేదు! అంటే ఎనిమిది గంటలు నిలబడి వడ్డించిన అమ్మాయికి యజమాని జేబులోంచి వచ్చేది పదిహేడు డాలర్లు. హోటల్ నడిపినవాడిగా ఈ పద్ధతిని నేను ఒప్పుకోను. పనివాళ్ల జీతాన్ని తినడానికి వచ్చినవాళ్ల దయకు వదిలేయడం తప్పు. కానీ ఆ కోపం వడ్డించిన అమ్మాయి మీద తీర్చుకుంటే ఆమె పిల్లలకే నష్టం.

ఇక ఇచ్చే తీరు. కార్డు తీసుకెళ్లి రెండు చీటీలు తెచ్చి పెడతారు. అందులో టిప్పుకు ఒక గీత, మొత్తానికి ఒక గీత ఖాళీగా ఉంటాయి. మీరే అంకెలు వేసి సంతకం చేయాలి. పన్ను కలపక ముందున్న మొత్తం మీద లెక్క కట్టండి. అరవై డాలర్లు తింటే డల్లాస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 4.95, టిప్పు 18 శాతం వేస్తే 10.80, మొత్తం 75.75. రూపాయల్లోకి మార్చుకోకండి, ముద్ద దిగదు. ఆరుగురో ఎనిమిది మందో కలిసి వెళ్తే చాలా చోట్ల టిప్పు బిల్లులోనే కలిపేస్తారు. ఆ వరుస చూడకుండా మళ్లీ వేస్తే రెండుసార్లు ఇచ్చినట్టే. పార్సిల్‌కు ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, తెరమీద ఎన్ని శాతాలు చూపించినా సరే. లాడ్జిలో గది శుభ్రం చేసేవాళ్లకు ఏ రోజుకు ఆ రోజు రెండు మూడు డాలర్లు బల్ల మీద పెట్టండి. మరుసటి రోజు వేరే మనిషి రావచ్చు.

ఇదే అలవాటు అన్ని దేశాలకూ మోసుకెళ్లకూడదు. జపాన్‌లో బల్ల మీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని వెనకాలే తెచ్చి ఇస్తారు. ఫ్రాన్సులో సేవ ఖరీదు ధరలోనే ఉంటుంది, నచ్చితే కొంచెం చిల్లర వదిలితే చాలు. లండన్‌లో చాలా హోటళ్లు 12.5 శాతం బిల్లులో వేస్తాయి; అదంతా పనివాళ్లకే చేరాలని 2024 అక్టోబరు నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. నాకు బాగా నచ్చిన చట్టం అది.

మన దగ్గర హోటళ్లు సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025లో వాటిని సమర్థించింది. కలిపితే తీసేయమని అడగండి, వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కు ఫోను చేయండి.

అలాగని సర్వరును మరవకండి. ఇదివరకు బిల్లు 386 అయితే నాలుగు వందలు ఇచ్చేవాళ్లు; సోంపు పళ్లెంలో తిరిగొచ్చిన పద్నాలుగు రూపాయలు అక్కడే ఉండిపోయేవి. రాత్రి షట్టరు దించాక మా సర్వర్లు, బల్లలు తుడిచే కుర్రాళ్లు ఆ చిల్లర పంచుకునేవాళ్లు. ఇప్పుడు ఫోనుతో సరిగ్గా 386 కడుతున్నాం, అదీ యజమాని ఖాతాకు. పైన ఏమైనా వేసినా అతని ఖాతాలోకే వెళ్తుంది. బీసెంట్ రోడ్డులో టిఫిను తిన్నా సరే, జేబులో పది, ఇరవై నోట్లు ఉంచుకుని వడ్డించిన మనిషి చేతికే ఇవ్వండి.