అల్లుడికి, డబ్బా మూత తీసే ముందు

బరంపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన స్కూటరు ఫోటోలు చూశాను. మీ నాన్న, మా బావగారి చేతక్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలనుకోవడం బాగుంది. రథయాత్రకల్లా అయిపోవాలన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. ఆషాఢంలో పర్లాకిమిడిలో ఉతికిన పంచే ఆరదు, రంగుకి ముందు నువ్వు వేసే ప్రైమరు ఏం ఆరుతుంది? ఎండలున్నప్పుడే బేగి మొదలెట్టు. కుదరకపోతే దీపావళి దాటేదాకా బండికి గుడ్డ కప్పి ఊరుకో.

ఫోటోలో ఇంజను వైపు డొప్ప కింది అంచు దగ్గర రంగు ఉబ్బింది, గమనించావా? నీకు కనిపించేది రూపాయి బిళ్ళంత. గీకితే అరచేయంత ఉంటుంది. ఒడియావాళ్ళు తుప్పుని కళంకి అంటారు, ఆ పేరు దానికి సరిగ్గా సరిపోయింది. దాన్ని ప్రైమరుతో కప్పేద్దామనుకోకు. మెరిసే రేకు కనబడేదాకా వైరు బ్రష్షు, 80 నంబరు గరుకు కాగితం. తరవాత 180, ఆ పైన 320. పాత రంగు ఆగిపోయి రేకు మొదలైన చోట మెట్టు ఉంటుంది, దాన్ని వాలుగా అరగదియ్యాలి. కళ్ళు మూసుకుని గోరు లాగు. గోరు తట్టుకుంటే ఇంకా పనుందన్నమాట. కంటిని నమ్మకు, ప్రైమరు ఎండి పైన నిగనిగలాడే రంగు పడ్డాక ఆ మెట్టు వీధి చివరి నుంచి కూడా కనబడుతుంది.

ఎవరో ఒకరు చింతపండు రుద్దమంటారు. ఇత్తడి బిందెకైతే రుద్దుకోమను. పులుపు తుప్పుని వదిలిస్తుంది, కాదనను. కానీ గుంటల్లో మిగిలిన పులుపుని కడిగి ఆరబెట్టకపోతే మర్నాటికే మళ్ళీ ఎర్రబడుతుంది.

ఇంకో సంగతి. మీ చెల్లి పెళ్ళికి ముందు బావగారు ఆ బండికి బ్రష్షుతో నీలం ఎనామిలు పూసారు, నాకు బాగా గుర్తు. స్ప్రే డబ్బా ప్రైమర్లలో చాలావాటికి ఘాటైన థిన్నరుంటుంది. అలాంటి ఎనామిలు మీద పడితే పాల మీద మీగడలా ముడతలు లేస్తుంది. కనబడని చోట, డొప్ప లోపలివైపు, థిన్నరులో ముంచిన గుడ్డ ఒక నిమిషం పెట్టి చూడు. నీలం మెత్తబడినా, గుడ్డకి అంటినా, ఆ పొర మొత్తం గీకెయ్యాల్సిందే. ఆయన ముందు గీకకు, బాధపడతారు.

లప్పం పెట్టాల్సిన సొట్టలుంటే గరుకు చేసిన రేకు మీదే పెట్టు. రేకుకి పట్టు కోసం వేసే ఎచ్ ప్రైమరు కొట్టేసి దాని మీద పెట్టకు, దాన్లో ఆసిడ్ ఉంటుంది, లప్పం సరిగ్గా గట్టిపడదు. ఎచ్ ప్రైమరు ఉట్టి రేకు బయటపడిన చోట్లకి మాత్రమే, అదీ అడుగు రేకు లీలగా కనబడేంత పలచగా. సన్నటి గీతలు పూడ్చేది ఆ పైన వేసే సర్ఫేసరు. కొట్లో రెండూ విడివిడిగా అడుగు. ఉత్త ప్రైమరు అంటే చేతికందిన డబ్బా ఇచ్చేస్తారు. గట్టిదనం కోసం రెండు భాగాలు కలిసే టూకే డబ్బా తీసుకోమంటే వద్దను. దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు, దానికి తగిన మాస్కు లేకుండా ఇంట్లో చేసే పని కాదది.

కొట్టే రోజు ఎలా తెలుస్తుందంటావా? మీ అత్త అప్పడాలు ఎండేసే రోజు. ఆవిడ లెక్క ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఉప్పు డబ్బాలో ఉప్పు చెమర్చి గరిటెకి అంటుకుంటోందంటే ఆ పూట ప్రైమరు డబ్బా ముట్టకు. చెమ్మ గాలిలో కొడితే థిన్నరు ఆవిరవుతూ రేకుని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి నీటి తేమ పొరలో దిగుతుంది. మీ కిమిడిలో చలికాలం పొద్దున్నే మంచు కూడా ఉంటుంది. పది దాటాక మొదలెట్టి నాలుగు లోపు ముగించు. అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలో కాలిన రేకు మీదా వద్దు, తుంపర రేకుని చేరకుండానే ఆరిపోయి ఇసకలా గరగరలాడుతుంది.

డొప్పలు విప్పి వరండాలో తీగకి వేలాడదియ్యి. గంట ముందు నేల మీద కళ్ళాపి చల్లితే దుమ్ము లేవదు. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక థిన్నరు గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తుడువు. తుడిచాక వేలు పెట్టకు. తలకి కొబ్బరినూనె రాసుకుని అదే చేత్తో పట్టుకున్నావంటే అక్కడ ప్రైమరు చేపకళ్ళలా గుంటలు పడుతుంది.

డబ్బా లోపల గోళీ కదిలిన చప్పుడు మొదలయ్యాక లెక్కపెట్టి రెండు నిమిషాలు ఊపు. అందరూ ఇక్కడే బద్ధకిస్తారు. జానెడు కన్నా కొంచెం ఎక్కువ దూరం, ఓ 25 సెంటీమీటర్లు. మీట రేకు బయటే నొక్కి, రేకు దాటాకే వదలాలి. రేకు మీద నొక్కితే మొదట్లో ఉమ్మే చుక్కలన్నీ అక్కడే పడతాయి. మణికట్టు ఊపకు, భుజం కదలాలి. ప్రతి వరసా ముందు వరసలో సగం మీద పడాలి. మొదటి కోటు మంచు పట్టినట్టు ఉండాలి, అడుగు కనబడుతుంటే భయపడకు. పది నిమిషాలాగి రెండోది, మళ్ళీ ఆగి మూడోది. కారిందంటే తుడవబోకు. ఎండనిచ్చి రుద్దుకో.

డబ్బాలో రంగుని తోసే గ్యాసు మండేది. బావగారు వరండాలో కూర్చుని సలహాలిస్తారు, విను. చుట్ట మాత్రం వీధి చివర కాల్చుకోమను. అక్కతో చెప్పి దేవుడి దీపం కూడా ఆ రెండు గంటలు ఆగమను. మూతికి తువ్వాలు చుట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గాని ఆవిరి ఆగదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు కొనుక్కో.

మర్నాడు ప్రైమరు మీద నల్ల రంగు దూరం నుంచి ఉత్తుత్తినే చిలకరించు. 400 నంబరు వాటర్ పేపరుని, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాన్ని, చెక్కముక్కకి చుట్టి రుద్దితే నలుపు మిగిలిన చోటల్లా పల్లం, బేగి పోయిన చోట మిట్ట. ఆ తరవాత 600. రేకు బయటపడితే అక్కడ మళ్ళీ ప్రైమరు.

అంతా అయ్యాక బూడిదరంగులో ముచ్చటగా ఉంటుంది, అసలు ప్రమాదం అప్పుడే. ముప్పయ్యేళ్ళు షెడ్డులో రంగులు వేసినవాణ్ణి, నేనే మోసపోయాను. 2013 సెప్టెంబరులో నా వ్యాను తలుపు చెక్కి మూడు కోట్లు ప్రైమరు వేశాను. ఊళ్ళోవాళ్ళ పనులు తెమలక నా రంగు వాయిదా పడుతూ వచ్చింది. ప్రైమరుందిలే, రేకుకేం కాదనుకున్నాను. అక్టోబరు 12 రాత్రి గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. వ్యాను ఆ ఉప్పుగాలిలో, ఆ వానలోనే ఉంది. కరెంటొచ్చాక చూస్తే తలుపు పైకి చెక్కుచెదరలేదు. తుడిచి అదే ప్రైమరు మీద రంగు కొట్టేశాను. ఉగాదికి తలుపు నిండా ఆవగింజలంత పొక్కులు. గిల్లితే ఎర్రటి నీళ్ళు. రంగు అమ్మినవాణ్ణి ముందు తిట్టుకున్నాను. రేకు దాకా గీకాక నోరు మూతపడింది. ప్రైమరుని గొడుగనుకున్నాను, అది అద్దుడు కాగితం. నీళ్ళని, ఉప్పుని తాగి రేకు పక్కనే దాచుకుంటుంది.

అందుకే రంగు డబ్బాలు కూడా కొని ఇంట్లో పెట్టుకున్నాకే ప్రైమరు మూత తియ్యి. వాటర్ పేపరు తడి పూర్తిగా ఆరేలా ఎండబెట్టి, రెండు మూడు రోజుల్లో రంగు వేసెయ్యి. ఆలస్యమైతే డొప్పల్ని గదిలో పెట్టు, వరండాలో కాదు.

వాడిన డబ్బాని తలకిందులు చేసి ఉత్త గ్యాసు వచ్చేదాకా నొక్కు, డబ్బా ముక్కు మూసుకుపోదు. గీకిన అంచు ఫోటో ముందు నాకు పంపు. గోటితో లాగి చూశానని రాస్తేనే ప్రైమరు కొనమంటాను.

మావయ్య