ఒకే హక్కు, మూడు చట్టాలు: ఫ్రాన్స్‌లో ఏ కోర్టుకు వెళ్లాలి?

ప్రశ్న: ఫ్రాన్స్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయ నిర్ణయం నా ప్రాథమిక హక్కును దెబ్బతీసింది. రాజ్యాంగం, యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల చార్టర్, యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక... వీటిలో దేన్ని పట్టుకోవాలి?

జవాబు: మూడింటినీ ఆధారంగా చూపవచ్చు. మొదలు మాత్రం పరిపాలనా కోర్టులోనే. నిర్ణయం అందిన రెండు నెలల్లోగా పిటిషన్ వేయాలి. కొన్ని రకాల నిర్ణయాలకు ఇంతకంటే తక్కువ గడువు ఉంటుంది కాబట్టి, ఉత్తర్వు చివరి పేరా తప్పక చదవండి.

గంటల్లో ఉపశమనం కావాలంటే 'రెఫెరె లిబెర్తె' (ప్రాథమిక స్వేచ్ఛను కాపాడమని కోరే అత్యవసర పిటిషన్) వేయండి. జడ్జి 48 గంటల్లో తేల్చాలి, న్యాయవాది తప్పనిసరి కాదు. అత్యవసరాన్ని రుజువు చేయకపోతే ఇవి వీగిపోతాయి. 'అన్యాయం జరిగింది' అంటే చాలదు. ఈ రెండు రోజుల్లో ఏం కోల్పోతారో కాగితాలతో చూపాలి.

చట్టమే రాజ్యాంగ విరుద్ధమంటే ఆ వాదనను విడి పత్రంగా ఇవ్వాలి. పిటిషన్‌లో కలిపేస్తే చెల్లదు. ఒడంబడిక వాదనను మాత్రం అదే జడ్జి నేరుగా వింటారు. చార్టర్ వర్తించేది యూరోపియన్ యూనియన్ చట్టం అమలవుతున్న చోటే.

ఒడంబడిక కేసులు వినే యూరోపియన్ మానవ హక్కుల కోర్టు (స్ట్రాస్‌బర్గ్ కోర్టు) చివరి మెట్టు. దేశంలోని మార్గాలన్నీ ముగిశాక, తుది తీర్పు నుంచి నాలుగు నెలలే గడువు. 2022కు ముందు ఆరు నెలలుండేది. పాత సమాచారాన్ని నమ్మి గడువు పోగొట్టుకోకండి.